నూరు హెర్ట్జ్

టెన్నిస్ ఎల్బో అని రాశాడు డాక్టరు.
రాకెట్ పట్టిన పాపాన పోలేదు నేను.
లియెపాయ రేవు పట్టణంలో ముప్పై ఒక్క ఏళ్లుగా
పియానోలు శ్రుతి చేయడం నా పని.
ఒక్కో పియానోకి రెండు వందల ముప్పై చిల్లర తీగలు,
ఒక్కో తీగకీ ఒక మేకు,
ఒక్కో మేకుకీ ఈ కుడిచేతి మెలిక.
లెక్క మీరే వేసుకోండి, నాకు ఓపిక లేదు.

ముందు కెటిల్ బరువెక్కింది.
తర్వాత తడిగుడ్డ పిండటం, తలుపు గడియ,
ఆఖరికి ఎదురైనవాళ్లతో చేయి కలపడం.
రెండేళ్లు. తైలాలు, పట్టీలు, ఓ ఇంజెక్షన్,
అన్నీ మోచేతికి రాసిన బెల్లమే,
నాలుక అందలేదు.

ఆస్పత్రి మూడో అంతస్తు.
కిటికీ అవతల బాల్టిక్ సముద్రం
కడగని సీసంలా పడి ఉంది.
గుందార్స్ అనే కుర్రాడు
చల్లటి జిగురు బిళ్లలు రెండు అంటించాడు:
ఎముక బుడిపె పక్కన ఒకటి,
ముంజేతి కండ మీద ఒకటి.
"చీమలు పాకినట్టుంటుంది, అత్తా.
ఎక్కువైతే చెప్పండి."
మీట తిప్పాడు.

చీమలు కాదు.
స్వరం.

ఎంత పెట్టావురా?
"నూరు హెర్ట్జ్."

చెవితో కాదు, చర్మంతో పోల్చుకున్నాను దాన్ని.
ప్రతి ఇంట్లో ఫ్రిజ్ వెనకాల,
మెట్ల కింద మీటరు పెట్టెలో,
వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కడుపులో గొణిగేది అదే.
పని మొదలెట్టేముందు
ఇంటావిడని బతిమాలి ఆపించేది దాన్నే.
అటు జి కాదు, ఇటు జి షార్ప్ కాదు,
రెండు గుమ్మాల మధ్య నిలబడి
ఎవరింటికొచ్చిందో చెప్పని చుట్టం.
ఇన్నేళ్లు తరిమాను.
తిరిగి తిరిగి నా మోచేతిలోనే కాపురం పెట్టింది.

తొంభై ఎనిమిది చెయ్యి, అన్నాను.
"నొప్పా?"
కాదు, అపశ్రుతి.

నవ్వాడు. యంత్రానికి ఐదేసి మెట్లేనట,
తొంభై ఐదు, లేకపోతే నూరు.
పళ్లు బిగించి విన్నాను.
ఇరవై నిమిషాలకి
నొప్పి గదిలోనే ఉంది గాని
గోడకేసి తిరిగి పడుకుంది.

తర్వాత నాలుగుకి దించాడు.
నా వేళ్లు వాటంతటవే లేస్తున్నాయి, పడుతున్నాయి,
లోపల్నించి ఎవరో నా చేత్తో వాయిస్తున్నట్టు.
ఈ నాలుగు నాకు తెలుసు.
దగ్గరవుతున్న రెండు తీగల మధ్య
అలలు లేస్తాయి:
సెకనుకి నాలుగు, మూడు, రెండు,
ఒకటి,
ఆపైన కలిసిపోతాయి.
అలవాటు కొద్దీ ఎదురుచూశాను నెమ్మదిస్తుందని.
నాలుగు నాలుగుగానే కొట్టుకుంది.
యంత్రం పాపం, దానికి చెవుల్లేవు.

పదో రోజు అడిగాడు,
"మొదట్లో పదికి ఏడన్నారు. ఇప్పుడో?"
ఐదు.
వాడి మొహం చూసి
నాలుగన్నాను.

పూర్తిగా పోతుందా?
జవాబుగా ఓ రబ్బరు కడ్డీ చేతికిచ్చి
రోజూ మూడుసార్లు మెలితిప్పమన్నాడు.
వాడికి చెప్పలేదు గాని,
పూర్తిగా శ్రుతిలో ఉన్న పియానో లోకంలో లేదు.
పన్నెండు స్వరాలు చుట్టి వచ్చేసరికి
రవ్వంత తప్పు మిగిలిపోతుంది.
ఒక్కచోటే వదిలేస్తే అది తోడేలై ఊళపెడుతుంది.
అందుకని అన్నిటికీ పంచుతాం,
పిసరు పిసరుగా, వినేవాడికి అంతుపట్టకుండా.
కొన్నవాళ్లకి ఈ సంగతి ఎప్పుడూ చెప్పం.

ఇవాళ కరోస్తాలో బడి పియానో.
ఓ పిసరు భుజానికి, ఓ పిసరు నడుముకి,
పొడుగు పిడి కొత్త తాళం ఎడమచేతికి.
గోడ అవతల వంటగదిలో ఫ్రిజ్ గొణుగుతోంది.
ఆపమని అడుగుదామనుకుని
మర్చిపోయాను.

నలభై తీగలయ్యాక
సంగీతం టీచరు ఇల్జే టీ పట్టుకొచ్చింది.
కప్పు
రెండు చేతులతో అందుకున్నాను.